బొటనవేలి కొలత

ఆ ఉదయం ఆకాశం కడిగి బోర్లించిన పళ్లెంలా ఉంది. రాత్రి కురిసిన వాన తాలూకు మబ్బు తునకలు తూర్పున నాలుగైదు మిగిలాయి. అవీ ఎవరో తరుముతున్నట్టు పోతున్నాయి. సైకిల్ షాపాయన షట్టరు సగం పైకెత్తి, మెడ బయటపెట్టి, ఆ తునకల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. ఎన్ని కనిపిస్తే అంత ధైర్యం. ఆ రోజు కంటి పరీక్ష.

వీధిలో అందరూ అతన్ని గాలాయన అంటారు. ముప్పయ్యేళ్లుగా అక్కడి చక్రాలన్నిటికీ గాలి కొట్టింది అతనే. మీటరు వాడడు. టైరు మీద బొటనవేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కుతాడు. ఇంకో నాలుగు కొట్టాలంటే నాలుగే, ఐదోది ఎక్కువ. షాపులో గాలి మీటరు లేకపోలేదు. మేకుకి వేలాడుతూ ఉంటుంది. దాని మీద సాలీడు కాపురం పెట్టింది.

నాలుగు నెలల కింద, బాగుచేసిన సైకిలు ఎలా నడుస్తోందో చూద్దామని ఎప్పట్లా వీధిలో ఓ చుట్టు వేస్తూ, ఎడమ పక్కనున్న చెత్తడబ్బాని గుద్దుకున్నాడు. ఆ డబ్బా నిన్న మొన్న వచ్చింది కాదు. పదేళ్లుగా అక్కడే ఉంది. భార్య మర్నాడే చెవి పట్టుకున్నంత పని చేసి కంటాసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ గ్లాకోమా అంది. కంటి లోపల ఊరే నీరు బయటికి పోయే దారి బిగుసుకుంటే ఒత్తిడి పెరుగుతుందట. ఆ ఒత్తిడికి వెనక ఉన్న నరం నలిగి, చూపు పక్కలనుంచి తరుగుతూ వస్తుందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవచ్చు అంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఒక్కో కంట్లో ఒక్కో చుక్క. తను చెప్పేదాకా సైకిలెక్కొద్దు.

చుక్కల సంగతి అతనికి అంతగా తలకెక్కలేదు. సైకిలెక్కొద్దన్న మాట మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. బాగుచేసిన బండిని ఎక్కి చూడకుండా అప్పజెప్పడమంటే, ఉప్పు చూడకుండా వడ్డించినట్టే.

అప్పటినుంచి ఆ చుట్టు వేసేది భార్య. ఆవిడ షాపు వెనక గదిలో బట్టలు కుడుతుంది. అంతకుముందు సైకిలు ముట్టుకుని ఎరగదు. మొదటివారం రెండుసార్లు పడింది, మూడోవారానికి అవసరం లేని చోట కూడా గంట కొడుతోంది.

"ఈ వయసులో నీకెందుకే ఈ సర్కసు?" అన్నాడు గాలాయన, కడుపుమంట దాచుకుంటూ.

"ముప్పయ్యేళ్లు కుట్టుమిషను తొక్కాను. ఒక్క అడుగు ముందుకు పోలేదు. ఇప్పుడూ తొక్కడమే, కాకపోతే ఊరు కనిపిస్తోంది," అందావిడ. "ఇంద, వెనక బ్రేకు కీచుమంటోంది. చూడండి."

ఇంతకీ ఆ రోజు పరీక్ష గదిలో డాక్టరమ్మ అతని గడ్డాన్ని మిషను మీద ఆనించి, నీలం దీపం కంటికి దగ్గరగా తెచ్చి చూసింది. మళ్లీ చూసింది. కాగితాలు తిరగేసింది.

"ఒత్తిడి ఇరవయ్యారు. మొదటిసారి ఇరవై ఎనిమిది, పోయినసారి పదహారు. మళ్లీ ఇలా ఎక్కిందేంటి? చుక్కలు వేసుకుంటున్నారా, బాబాయ్?"

"వేసుకుంటున్నానమ్మా."

భార్య సంచీలోంచి మందు సీసా తీసి కిటికీ వెలుగుకి ఎత్తిపట్టుకుంది.

"ఇది నెలకల్లా అయిపోవాలన్నారు కదమ్మా? మూత తీసి ఏడు వారాలైంది. పొద్దున చూస్తే ఇంకా సగముంది. మా ఇంట్లో తరగకుండా ఉన్నది ఇదొక్కటే."

గాలాయన నేలకేసి చూశాడు. నేల నున్నగా, శుభ్రంగా ఉంది. దాక్కోడానికి చోటు లేదు.

"కన్ను మెత్తగా ఉన్న రోజు మందెందుకులే అని..."

"మెత్తగా ఉందని ఎవరు చెప్పారు?"

అతను మెల్లగా బొటనవేలు చూపించాడు.

సంగతంతా బయటపడింది. రోజూ రాత్రి రెప్ప మూసి, పైనుంచి వేలితో నొక్కి చూసుకుంటాడు. మెత్తగా తగిలితే ఆ పూటకి మందు లేదు. గట్టిగా అనిపిస్తేనే చుక్క. పోయినసారి పరీక్షకి ముందు మాత్రం, ఎందుకైనా మంచిదని, వరసగా వారం రోజులు వేసుకున్నాడు.

డాక్టరమ్మ కింది పెదవి కొరుక్కుంది. నవ్వో, కోపమో, మింగేసి, కుర్చీ దగ్గరకి జరుపుకుంది.

"మామూలు సైకిలు టైరులో ఎంత గాలి పెడతారు?"

"నలభై పౌన్లు."

"అదే లెక్కన చెబుతాను. ఇప్పుడు మీ కంట్లో ఉన్న ఒత్తిడి అర పౌను. దాన్ని ఓ పావు పౌను దించాలి. నలభై పౌన్ల టైరులో పావు పౌను తగ్గితే మీ వేలికి తెలుస్తుందా?"

గాలాయన ఆలోచించాడు. ఇంటి విషయంలో అబద్ధం ఆడగలడు గానీ గాలి విషయంలో ఆడలేడు.

"వేలికే కాదమ్మా, నా మీటరుక్కూడా తెలీదు."

"మరి? కన్నుని అలా నొక్కొద్దు, ఇంకెప్పుడూ. చుక్క పనిచేసేది ఒక్క రోజు. పరీక్ష ముందు వారం వేసుకుంటే నా మిషను మోసపోతుంది, మీ నరం మోసపోదు. నొప్పి రాదు కాబట్టి జబ్బు లేదనుకోవద్దు. ఇది చప్పుడు చేయని దొంగ."

"ఆదివారం ఒక్కరోజు గాలి కొట్టించుకుని, వారమంతా రిమ్ము మీద లాగించే పాలాయన్ని ఎన్ని తిట్లు తిట్టారండీ!" అంది భార్య. "పాపం, అతను మనింటి మనిషేనని అప్పుడు తెలియలేదు."

గాలాయన బొటనవేలిని పిడికిట్లో దాచేసుకున్నాడు.

"చూపు ఎక్కడ తగ్గిందో చూపించే పటంలో, ఎడమ పక్కనున్న నల్లమచ్చ ఈసారి పెరగలేదు. అదృష్టం," అంది డాక్టరమ్మ. "నెల గడువిస్తున్నాను. ఒక్కరోజు తప్పకూడదు. అప్పటికీ దిగకపోతే ఇంకో మందు, ఆ తర్వాత లేజరో ఆపరేషనో చూడాలి. సైకిలు మాట కూడా ఆ రోజే."

ఇంటికొస్తూనే అతను మేకు మీదున్న మీటరు దించి, సాలీణ్ణి మర్యాదగా బయటికి పంపి, తుడిచి బల్ల మీద పెట్టాడు. ఖాళీ మేకుకి భార్య కుట్టిచ్చిన చిన్న గుడ్డసంచీ వేలాడదీశాడు. అందులో కొత్త సీసా.

ఆ రోజునుంచి తొమ్మిదింటికి షట్టరు దిగడం, గాలాయన బల్ల మీద వెల్లకిలా పడుకోవడం ఒకేసారి జరిగేవి. మొదట్లో చుక్క చెంప మీద పడింది, మీసం మీద పడింది, ఒకసారి చెవిలోకి పోయింది.

"మీసానికి కూడా ఒత్తిడెక్కిందా?" అంది భార్య.

నాలుగో రోజుకి చెయ్యి కుదిరింది. కింది రెప్పని జేబులా లాగి, సీసా తగలనివ్వకుండా ఒక్క చుక్క. కళ్లు మూసుకుని, ముక్కు పక్కనుండే కంటి మూల మీద వేలు ఆనించి రెండు నిమిషాలు. పైగా ఆ రెండు నిమిషాలూ నోరు కూడా మూసుకోవాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పిందని భార్య అంది. పెళ్లయ్యాక ఆ ఇంట్లో అంత ప్రశాంతత అదే మొదలు. మందు పడిన రాత్రికి గోడ మీద ఒక సుద్దగీత. అప్పుడప్పుడూ బొటనవేలు కంటివైపు పోబోయేది. అతను దాన్ని జేబులో పెట్టేసేవాడు.

గోడ మీద ముప్పై గీతలు పడ్డాక మళ్లీ నీలం దీపం.

"పదిహేను," అంది డాక్టరమ్మ.

"ఏ కంట్లో?"

"రెండింటిలోనూ."

భార్య పర్సు మూత తీసింది, వేసింది, మళ్లీ తీసింది. ఏమీ బయటికి తీయలేదు.

"మరి సైకిలు..." అన్నాడు గాలాయన. గొంతు బడిలో బయటికి పోతానని అడిగే పిల్లాడిలా ఉంది.

"పగలు మాత్రమే. తెలిసిన వీధిలో, నెమ్మదిగా. ఎడమ పక్కకి మెడ తిప్పి చూసుకుంటూ. చుక్క మాత్రం ఆపేది లేదు, బాబాయ్. బతికినన్నాళ్లూ."

"బతికినన్నాళ్లూ తొమ్మిదింటికే షట్టరు దించుతానమ్మా. నోరు కూడా మూసుకుంటాను, మీరు చెప్పినట్టే."

"నోరా? నేను కళ్లు మూసుకోమన్నానండీ."

భార్య తలెత్తి, గదిలోని ఫ్యాను ఎలా తిరుగుతోందో చాలా శ్రద్ధగా చూస్తోంది.

తిరిగొచ్చి షాపు తెరిచేసరికి, ముందురోజు బాగుచేసి ఉంచిన వీధి చివరి నర్సుగారి సైకిలు సిద్ధంగా ఉంది. కొత్త గొలుసు, కొత్త బ్రేకులు. గాలాయన హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. భార్య చెయ్యి అప్పటికే దాని మీద ఉంది.

"నా ఉద్యోగం ఊడగొడతారా?"

"నీ ఉద్యోగం నీదేనే. నేను పక్కన వస్తా."

మూలనున్న తన పాత సైకిలు బయటికి లాగాడు. ఐదు నెలలుగా కదలక టైర్లలో గాలి దిగిపోయింది. పంపు అందుకుని కొట్టాడు, ఆగాడు, బొటనవేలు పెట్టి నొక్కాడు. నలభై అంది వేలు. అయినా బల్ల మీది మీటరు తెచ్చి పెట్టి చూశాడు. నలభై.

"టైరు వరకూ నువ్వే గొప్ప," అన్నాడు వేలితో.

ఇద్దరూ బయల్దేరారు. ఆవిడ ఏమీ అడగకుండా అతనికి ఎడమ వైపుకి వచ్చింది, చూపు పలచబడిన వైపుకి. మంగలి షాపులోంచి ఎవరో సగం గీసిన గడ్డంతో బయటికి వచ్చి ఈల వేశాడు. పాలాయన రోడ్డు పక్కకి దిగి దారిచ్చాడు. మలుపు దగ్గర భార్య గంట అదేపనిగా కొట్టింది.

"చెత్తడబ్బా!"

అతను అప్పటికే మెడ తిప్పి ఉన్నాడు.

"కనిపించిందే! పదేళ్లనుంచి చూస్తున్నా, ఇంత అందంగా ఎప్పుడూ లేదు!"

ఒక చుట్టు అన్నవాళ్లు మూడు చుట్లు వేశారు. గాలికి ఆవిడ మెడలోని కుట్టుకొలతల టేపు భుజం వెనక ఎగురుతోంది. దాని పసుపు రంగు కొస అతనికి కంటి కొసన అందుతోంది, పోతోంది, మళ్లీ అందుతోంది.

తిరిగొచ్చి చేతుల గ్రీజు కడుక్కుని, పనిముట్లు పక్కకి జరిపి, బల్ల మీదే రెండు పళ్లేలు పెట్టుకున్నారు. వేడన్నం, వేయించిన గుడ్లు. ఆవిడ ఎడమ పక్కన కూర్చుంది. నోరు మూసుకోమని ఎవరూ చెప్పలేదు. అయినా అన్నం అయిపోయేదాకా ఇద్దరిలో ఒక్కరూ మాట్లాడలేదు.