ముందు వరసలో తాబేలు

బుచ్చమ్మ ఇంటి వెనక చిన్న కుంట ఉంది. అమీర్‌పేట నడిబొడ్డున కుంటేమిటని నవ్వకండి. చుట్టూ కంప్యూటర్ కోచింగ్ బోర్డులు మొలిచాయిగానీ, అందులో తాబేళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే చాయ్ పట్టుకుని గట్టున కూర్చుని వాటిని చూడకపోతే ఆవిడకు తెల్లారినట్టే ఉండదు.

ఆ ఏడు గట్టు పక్కన రేకుల షెడ్డు వేసి, జావా క్లాసులు చెప్పే చలపతిరావుకు అద్దెకిచ్చింది. ఆయన నేలంతా షాబాద్ బండలు పరిపించాడు. తల్లి తాబేలు ఏటా గుడ్లు పెట్టేది ఆ మట్టిలోనేనని వానలు పడ్డాకగానీ బుచ్చమ్మకు తట్టలేదు. అయ్యో, ఎంత పని చేశానని నెత్తి కొట్టుకుంది.

"సారూ, జర ఒక్క బండ లేపు. గుడ్లు పెట్టనీకి జాగ దొరకకుంటే తాబేలు రోడ్డు మీదికి పోతది, ఆటోల కింద పడి సస్తది."

"భలేవారండీ! తాబేలు కోసం క్లాసురూం తవ్వుకోమంటారేంటి?"

మర్నాడు డెమో క్లాసు మొదలైంది. మూడు రోజులు ఊరికే చెప్పాలి. మూడోనాటికి ఎందరు మిగిలారో చూసుకునిగానీ కుర్రాళ్లు ఫీజు కట్టరు. తల్లి తాబేలు తిన్నగా లోపలికొచ్చి, ముందు వరసలో కూర్చుని, వెనక కాళ్లతో బండను గీకసాగింది. రెండో రోజూ వచ్చింది. పాఠం అయ్యేదాకా కదలలేదు.

"తాబేలే పోతలేదంటే సారు మస్తు చెప్తున్నట్టే భాయ్!" అని హాస్టళ్లన్నీ గుప్పుమన్నాయి. మూడోనాడు షెడ్డు కిక్కిరిసింది. చలపతిరావు ఆనందం పట్టలేక దాని డిప్ప మీద ఐడీ కార్డు అంటించాడు. "చూడండి, నోట్సు రాసుకుంటోంది!" అన్నాడు.

బుచ్చమ్మకు ఒళ్లు మండిపోయింది. గీకి గీకి దాని కాళ్లు పుండ్లు పడ్డాయి. ఈయనతో మంచిగా చెబితే లాభం లేదనుకుని గుమ్మంలో నిలబడింది.

"సారూ, గుడ్లు పెట్టనిస్తే దీని పిల్లలు సుత ఈడికే వస్తయి. వచ్చే బ్యాచ్‌కు నీకు ఫికరే ఉండదు."

చలపతిరావు చాక్‌పీసు పారేసి గడ్డపార అందుకున్నాడు.

బండ లేచింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా తాబేలు గుంత తవ్వి, గుడ్లు పెట్టి, మన్ను కప్పి, కార్డుతో సహా కుంటలోకి వెళ్లిపోయింది.

"తాబేలే పోయింది, ఇంక మనమేం కూసుంటం? పాండ్రి!" అన్నాడొకడు. షెడ్డు ఖాళీ అయిపోయింది.

బుచ్చమ్మ ఒక్కతే గుంత పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. చలపతిరావు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"మీరొక్కరైనా మిగిలారండీ," అన్నాడు.

"ఆపకు సారూ, చెప్తనే ఉండు. చప్పుడుంటే గుడ్ల కోసం ముంగిస రాదు."