ఊపిరి బిగబట్టిన పూట

కంత చుట్టూ రెండో వరస కుట్టు సగం పడ్డాక దారం తెగింది. మిషనక్క విసుక్కోలేదు. కళ్లజోడు ఎగదోసుకుని, పోగు కొనను పెదాలతో తడిపి, సూదిబెజ్జంలోకి ఒక్కసారికే ఎక్కించింది. పాదం మళ్లీ తొక్కుడుపలక మీదికి వెళ్లింది. ఆసుపత్రి అడుగు అంతస్తులో, ఆవిరి గొట్టాల పక్కన, కిటికీ లేని ఆ గదిలో మిషను చప్పుడు మళ్లీ మొదలైంది.

అది ఆకుపచ్చ గుడ్డ. నడుమ అరచేయంత కంత. రోగి ఒంటిమీద కప్పితే డాక్టరుకు కావలసిన చోటు మాత్రం అందులోంచి కనబడుతుంది. కంత అంచు మడిచి రెండు వరసలు వేయకపోతే ఉతుకులకు పీచు లేస్తుంది. పీచు గాయంలో పడకూడదు. పెళ్లయిన కొత్తలో ఈ పనిలో చేరినప్పుడు ఆమెకు ఎవరో చెప్పిన మాట అదొక్కటే. అప్పటినుంచి దుప్పట్లకు మాసికలు వేస్తూ, గౌన్లకు నాడాలు కుడుతూ, ఈ కంత గుడ్డలు తయారుచేస్తూ ఉంది. పై అంతస్తుల్లో ఆమె అసలు పేరు తెలిసినవాళ్లు అరుదు. అందరికీ మిషనక్కే. కంతకు అవతల ఏం జరుగుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు.

సన్నటి మనిషి. మెడ పొడుగు. బరువైన గుడ్డను ఏళ్ల తరబడి ఒకే పక్కకు లాగి లాగి కుడిభుజం ఎడమదానికంటే కిందికి వాలిపోయింది. నవ్వితే ముందు కళ్లు నవ్వుతాయి, ఆ తర్వాత నోరు.

"పైకి ఎప్పుడు రమ్మన్నారు?" అన్నాడు ఇస్త్రీ మామ, బల్ల మీద గౌను తిరగేస్తూ. వరసకేమీ కాడు. ఒకే గదిలో ముసలివాళ్లవుతున్న చనువు.

"ఇంకాసేపట్లో."

"ఖాళీ కడుపుతో ఇదంతా ఎందుకు? రేపు కుడితే కొంప మునుగుతుందా?"

"రేపు నేను మంచం మీదుంటే నువ్వు కుడతావా? నీ చేతికిస్తే కంత మూసేసి సంచీ చేస్తావు."

ఇస్త్రీ మామ నవ్వాడు కానీ ఇస్త్రీపెట్టె ఎత్తి అలాగే పట్టుకుని ఉండిపోయాడు. వానల్లో పట్టుకున్న ఆమె దగ్గు ఎండలు వచ్చినా వదల్లేదని అతనికి తెలుసు. మందులు వాడాక తీసిన ఫొటోలో కూడా ఊపిరితిత్తి వెనకవైపున గోళీకాయంత మచ్చ అలాగే ఉంది. అదేమిటో తేలాలంటే సూదితో ముక్క తీసి చూడాలన్నారు.

మిషనక్క చివరి గుడ్డ మడతపెట్టి, మిషను మీద ముసుగు కప్పి, మెట్లెక్కింది. లిఫ్టు కోసం ఆగడం ఆమెకు అలవాటు లేదు. ఇవాళ మాత్రం మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి తీసుకుంది.

స్కాను గదిలో నర్సు ఆమె ఆడపడుచే. మిషనక్క కాపురానికి వచ్చేనాటికి ఆ పిల్ల బళ్లో చదువుతోంది. తల్లి లేదు. రెండు జడలూ రోజూ మిషనక్కే వేసింది. బడి బట్టలూ, ఆ తర్వాత నర్సు శిక్షణకు వెళ్లేటప్పుడు తెల్లబట్టలూ ఆమే కుట్టి పంపింది. ఇప్పుడా పిల్లకు తలలో అక్కడక్కడ నెరుపు వచ్చింది.

"ఇవన్నీ నీకు తెలిసినవేగా వదినా. ఇక్కడో సంతకం పెట్టు చాలు" అంది ఆడపడుచు, ముఖం చూడకుండా.

"నాకేం తెలుసు, గుడ్డ కుట్టడం తప్ప? మిగతావాళ్లకి ఎలా చెప్తావో నాకూ అలాగే చెప్పు."

"నీకు చెప్పాలంటే నోరు రావట్లేదు."

"రాకపోతే మంచినీళ్లు తాగి చెప్పు. నేనెక్కడికీ పోను."

ఆడపడుచు నిజంగానే వెళ్లి రెండు గుక్కలు తాగి వచ్చింది. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "సూది ఊపిరితిత్తిలోకి దిగుతుంది. దిగినచోట చిల్లు పడి గాలి బయటికి కారొచ్చు. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. కొంతమందికి గొట్టం వేసి గాలి తీయాల్సి వస్తుంది. దగ్గితే రక్తం పడొచ్చు. ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. కానీ అసలు రాదని మాత్రం చెప్పం."

"ఊఁ. ఇంకా?"

మిగతాది డాక్టరు చెప్పింది. వయసులో చిన్నది. తొందర లేని మనిషి. "ఇంత చేశాక కూడా ముక్క సరైనచోటు నుంచి రాకపోవచ్చక్కా. మచ్చ చిన్నది, ఊపిరితో పాటు కదులుతుంది. తెరమీద బొమ్మ చూస్తూ వెళ్తాను కానీ, ఆ బొమ్మ తీసిన క్షణానిదే. మీరు ఊపిరి తీస్తే మచ్చ పక్కకు జరుగుతుంది. పక్కనున్న మంచి కండ వచ్చిందనుకోండి, రిపోర్టులో చెడ్డదేమీ లేదని వస్తుంది. ఆ మాట నేను నమ్మలేను."

"చెడ్డదే అని వస్తే?"

"అలా వస్తే దాదాపు నమ్మొచ్చు."

"మా ఆయన సిగరెట్టు సంగతీ ఇంతే డాక్టరమ్మా. తాగానంటే తాగినట్టే. తాగలేదంటే చొక్కా వాసన చూసుకోవాలి."

డాక్టరు నవ్వేసింది. అన్నగారి మాట వచ్చేసరికి ఆడపడుచు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. మిషనక్క సంతకం పెట్టింది.

బల్ల సన్నగా, చల్లగా ఉంది. మచ్చ వెనకవైపు ఉంది కాబట్టి బోర్లా పడుకోబెట్టి, చేతులు రెండూ తలమీదుగా పైకి చాపమన్నారు. చేతుల కింద మడతపెట్టిన దుప్పటి ఒకటి తోశారు. తల దగ్గర పెద్ద రంగుల రాట్నంలా గుండ్రటి యంత్రం.

"మామూలుగా పీల్చి, వదిలి, ఆపు" అని నేర్పింది ఆడపడుచు. "ప్రతిసారీ అంతే పీల్చాలి. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

మిషనక్కకు అది కష్టమనిపించలేదు. పీల్చింది, వదిలింది, ఆపింది. అందరూ అద్దం వెనక గదిలోకి వెళ్లడం, బల్ల లోపలికి జరగడం, బయటికి రావడం, వాళ్లు తిరిగి రావడం. అదే వరసలో కొన్నిసార్లు. తర్వాత వీపు మీద చల్లటి మందు రాశారు. గుడ్డ కప్పారు. అంచు మడత తగలగానే అది తన కుట్టేనని వీపుకు తెలిసిపోయింది. ఆ కంతలోంచి కనబడుతున్నది ఈసారి తన ఒళ్లు.

తిమ్మిరిమందు భగ్గుమని మండి చల్లారింది. ఆ తర్వాత నొప్పి లేదు, ఎవరో వేలితో గట్టిగా నొక్కుతున్నట్టు ఒత్తిడి మాత్రం. ఆమెను ఇబ్బంది పెట్టింది సూది కాదు, భుజం. నలిగిపోయిన దుప్పటి పక్కకు జారి, కుడిచెయ్యి గాలిలో వేలాడుతున్నట్టుంది. భుజంలో మొదలైన వణుకు నెమ్మదిగా వీపులోకి దిగింది. పళ్లు బిగించింది. బిగించేకొద్దీ వణుకు ఎక్కువైంది.

"మచ్చ జరిగింది" అంది డాక్టరు అద్దం వెనకనుంచి వచ్చి. "అక్కా, నొప్పిగా ఉందా?"

"సూది కాదు. చెయ్యి ఆగడం లేదు."

ఆడపడుచు తన రెండు చేతులతో ఆ చేతిని కిందనుంచి మోసి పట్టుకుంది. డాక్టరు సూదిని కాస్త వెనక్కి లాగి, దారి మార్చి మళ్లీ దింపింది. అప్పుడే మిషనక్క గొంతులో గరగర పుట్టింది. ఎంత మింగినా పోలేదు. "దగ్గొస్తోంది" అని చెప్పగలిగింది. డాక్టరు సూది బయటికి తీసేసరికి దగ్గు తెరలుతెరలుగా వచ్చింది, నోట్లో ఉప్పగా తగిలింది. ఆడపడుచు మెత్తటి కాగితంతో పెదాలు తుడిచి, దాన్ని వెంటనే మడిచేసింది.

"రక్తమేగా? దాస్తావెందుకు, ముందే చెప్పావుగా" అంది మిషనక్క, ముఖం బల్లకు ఆనించే.

కొంతసేపు ఆగారు. రెండోసారి దిగినప్పుడు ముక్కలు వచ్చాయి. నీళ్లలాంటి మందులో వేసి ఆడపడుచు చూపించింది. కత్తిరించి పారేసే దారం కొసల్లా ఉన్నాయి, అంతకంటే ఏమీ లేవు. ఇంతేనా అనుకుంది మిషనక్క. డాక్టరు మాత్రం తెర ముందు నిలబడి చాలాసేపు చూసింది. ఊపిరితిత్తి అంచున నల్లటి గీత కనబడుతోంది. కారిన గాలి.

"ఇక చాలు" అంది తిరిగొచ్చి. "ఇంకో రెండు ముక్కలుంటే బాగుండేది. కానీ ఇప్పుడు మళ్లీ గుచ్చడం మంచిది కాదు."

"మీరు చాలంటే చాలు" అంది మిషనక్క.

సూది దిగినవైపు కిందికి ఉండేలా వెల్లకిలా తిప్పి, కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. బయట ఎవరో సైకిలుకు గాలి కొట్టుకుంటున్నారు. మిషనక్క ఆ చప్పుడు వింటూ కళ్లు మూసుకుంది. కొంతసేపటికి ఆమె ఊపిరి పొట్టిదైపోయింది. పీల్చిన గాలి సగం దాకా వెళ్లి ఆగిపోతోంది. ఛాతీలో ఒకవైపు బరువు. కళ్లు తెరిచేసరికి ఆడపడుచు మంచం పక్కనే ఉంది. వేలికి తగిలించిన క్లిప్పు తాలూకు అంకె తగ్గుతుంటే దాన్నే చూస్తూ నిలబడింది. ఎంతోమందిని ఇలా చూసిన మనిషి. ఇవాళ కాళ్లు కదల్లేదు.

"అమ్మాయ్" అంది మిషనక్క, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "చిన్నప్పుడు రిబ్బను పోతే కూడా... ఇలాగే నిలబడేదానివి. వెళ్లి డాక్టరమ్మని పిలు."

ఆ గొంతులో కంగారు లేదు. ఆడపడుచు ఒక్క ఉదుటున కదిలింది. ఆక్సిజన్ ముక్కుకు పెట్టింది, డాక్టరును పిలిచింది, గొట్టం సామాను తెచ్చి వరసగా పేర్చింది. పక్కటెముకల మధ్యనుంచి సన్నటి గొట్టం వేశారు. దాని రెండో కొస ముంచిన సీసా నీళ్లలో బుడగలు బుడబుడలాడాయి. ఇరుక్కున్న గాలి బయటికి పోయేకొద్దీ మిషనక్క ఛాతీ తేలికపడింది. ఒక నిండు ఊపిరి తీసుకుంది. అది ఎంత హాయిగా ఉంటుందో ఇన్నాళ్లూ గమనించనేలేదు.

అప్పుడు గుమ్మంలో భర్త కనిపించాడు. బస్సు డిపోలో మెకానిక్కు. ఎంతటి ఇంజనునైనా విప్పుతాడు కానీ సూదిని చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకే పనికి వెళ్లమని పొద్దున గట్టిగా చెప్పి పంపింది.

"డిపోకి వెళ్లలేదా?"

"వెళ్లాను. గేటు దాకా."

గొట్టం చూశాడు, సీసా చూశాడు. గోడకు జారగిలబడి అలాగే నేలమీద కూర్చుండిపోయాడు.

"ముందు ఈయనకి మంచం చూడండి" అంది మిషనక్క. "నాకు బాగానే ఉంది."

సాయంత్రం డాక్టరు మళ్లీ వచ్చింది. గొట్టం రేపో ఎల్లుండో తీస్తామనీ, ముక్కల్లో ఏముందో తెలియడానికి కొన్నాళ్లు పడుతుందనీ, అవి చాలకపోవచ్చనీ ఏదీ దాచకుండా చెప్పింది. మిషనక్క అన్నీ విని ఒక్కటే అడిగింది.

"చేతుల కింద ఆ దుప్పటి తప్ప వేరేదేం లేదా డాక్టరమ్మా?"

"కొన్న దిండ్లు ఉండేవక్కా. చిరిగిపోయాయి. మళ్లీ అడిగాం, రాలేదు."

"గట్టిగా ఉండాలి. రెండు చేతులకీ రెండు పల్లాలుండాలి. తుడిస్తే తడి పోవాలి." అలా అంటూ పైకప్పు వంక చూస్తూ కుడిచేతి వేళ్లు దుప్పటి మీద ఆడించింది, కొలతలు తీస్తున్నట్టు.

రిపోర్టు వచ్చింది. చచ్చిన కండ, కాస్త మచ్చకట్టిన పీచు మాత్రమే ఉన్నాయట. ఏదీ తేల్చడానికి చాలదు. ఫొటోలో కనబడేదానికీ దీనికీ పొంతన లేదని, ఊపిరితిత్తి మానాక మళ్లీ తీద్దామని డాక్టరు అంది.

"మళ్లీనా?" అన్నాడు భర్త.

"మళ్లీనే. తేలకుండా ఎలా వదిలేస్తాం?" అంది మిషనక్క. ఆమెకు అందులో వింతేమీ కనిపించలేదు. సరిగా పడని కుట్టు విప్పడం రోజూ చేసే పనే.

రెండోసారి వెళ్లినప్పుడు ఆమె చంకలో ఒక దిండు ఉంది. దూదికి బదులు గుడ్డపీలికలు దట్టంగా కూరి, పైన తడి అంటని గుడ్డ వేసి, రెండు పల్లాలు పెట్టి కుట్టింది. ఆ రోజు భుజం వణకలేదు. దగ్గు కూడా దయతలిచింది. గాలి మళ్లీ కొంచెం కారింది కానీ గొట్టం దాకా పోలేదు. ముక్కలు కావలసిన చోటునుంచే వచ్చాయి. జబ్బుకు పేరు తెలిసింది. మంచి పేరు కాదు.

వైద్యం మొదలైంది. జుట్టు పోయింది, దగ్గు తగ్గింది, ఆకలి వచ్చింది. మందు ఎక్కించిన వారం తప్ప మిగతా రోజుల్లో ఆమె కింది గదికి వచ్చి కూర్చునేది. ఇస్త్రీ మామకు కంత అంచు మడవడం నేర్పింది. పైనుంచి అడిగితే ఇంకో రెండు దిండ్లు కుట్టి పంపింది. అలా ఒక వానాకాలం గడిచింది, ఇంకొకటి కూడా గడిచింది. ఆ తర్వాతి వేసవిలో ఒక మధ్యాహ్నం, కాస్త నడుం వాలుస్తానని భర్తతో చెప్పి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

కొన్నాళ్లకు భర్త స్కాను గదికి వచ్చాడు. చెల్లెలి కోసం వచ్చానన్నాడు కానీ డాక్టరు బయటికి వచ్చేదాకా నిలబడే ఉన్నాడు.

"మొదటిసారే దొరికుంటే వేరేగా ఉండేదామ్మా?"

డాక్టరు చేతి తొడుగులు విప్పింది. "తెలీదండీ. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నిజంగా తెలీదు."

అతను తలూపాడు. ఓదార్పు మాట కంటే అదే నయమనిపించింది. తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి చూశాడు. చెల్లెలు ఎవరో పెద్దాయనను బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మామూలుగా పీల్చి, వదిలి, ఆపమని నేర్పుతోంది. ఆ పెద్దాయన చేతులు కదలకుండా పైకి చాపి ఉన్నాయి. వాటి కింద, పల్లాల దగ్గర రంగు వెలిసి, అంచు వెంబడి కుట్టు ఎక్కడా వదలని ఆకుపచ్చ దిండు ఉంది.