ఆరు పట్టాల సంతకం

ఆయనకు ఆరు పట్టాలు. మొదటిది భౌతికశాస్త్రంలో. దానితో ఉద్యోగం రాలేదని మెకానికల్ ఇంజనీరింగు చదివారు. ఇంటర్వ్యూలో నోరు పెగలక తిరిగొచ్చి, అందులోనే పైచదువు చదివారు. తర్వాత మేనేజ్‌మెంటు, ఆపైన న్యాయశాస్త్రం, చివరికి పారిశ్రామిక భద్రత. వెళ్లిన ప్రతిచోటా ఎవరో ఒకరు "మీరేం చేయగలరు?" అని అడిగేవారు. ఆ ప్రశ్న వినగానే ఆయన అరచేతులకు చెమటలు పట్టేవి. ఇంటికొచ్చి ఇంకో కోర్సుకు దరఖాస్తు పెట్టేవారు. పరీక్ష హాలులో మాత్రం ఏ బెరుకూ ఉండేది కాదు. అక్కడ అడిగేది ఏం తెలుసని మాత్రమే.

ఇన్నాళ్లూ ఇంటిని లాక్కొచ్చింది రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే భార్య. ఆరో పట్టాకు ముందుగదిలో చోటు చాలకపోతే, ఆమె తమ్ముడు వచ్చి గోడగడియారం పక్కకు జరిపి మేకు కొట్టి ఇచ్చాడు. ఆ తమ్ముడిని చిన్నప్పటి నుంచీ అందరూ బోల్టు అనే పిలుస్తారు. పదో తరగతి తప్పి, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరి ఇరవై రెండేళ్లయింది.

"మా బావకున్న పట్టాలు వరసగా పరిస్తే వాటిమీద రైలు నడపొచ్చు" అంటుండేవాడు బోల్టు, వచ్చిన వాళ్లందరితో. అందులో వెటకారం పిసరంత. మిగిలినదంతా గర్వమే.

ఆయనకు నలభై ఆరేళ్లు వచ్చాక ఆ కంపెనీలోనే తనిఖీ అధికారి ఉద్యోగం ఖాళీ అయింది. లిఫ్టు వాడకానికి పనికొస్తుందని రాసి సంతకం చేసే మనిషి ఇంజనీరింగు చదివి ఉండాలని నిబంధన. బోల్టు మేనేజరు గదికి మూడుసార్లు తిరిగి, బతిమాలి, బావను చేర్పించాడు. మొదటిరోజు మెడలో గుర్తింపు కార్డు వేసుకుని బయల్దేరిన భర్తను చూసి ఆమె వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

"బావా, మోటారు గదిలోకి వెళ్లగానే ఏదీ ముట్టుకోకు. ముందు విను" అన్నాడు బోల్టు ఆ రోజు.

ఆయన ఆ మాట కూడా నోటుపుస్తకంలో రాసుకున్నారు.

ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. బోల్టు విప్పేవాడు, బిగించేవాడు, చెప్పేవాడు. ఆయన కొలిచి, రాసి, సంతకం చేసేవారు. పేరు తర్వాత ఆరు చదువుల పొడి అక్షరాలూ పెట్టేసరికి గీత నిండిపోయేది. బతుకులో ఆయన హాయిగా నిద్రపోయిన ఎనిమిది నెలలు అవి.

ఆ తర్వాత ఒక ఏడంతస్తుల ఆఫీసు భవనానికి తనిఖీకి వెళ్లారు. పైకప్పు మీద రేకు తలుపున్న ఇరుకు గది. లోపల కాగిన నూనె వాసన, ఊపిరాడని ఉక్క. బోల్టు లిఫ్టును కిందికీ పైకీ నాలుగుసార్లు నడిపించి, చెయ్యెత్తి ఆపాడు.

"విన్నావా బావా?"

"ఏంటి?"

"ఆగేటప్పుడు జారుతోంది. తడి నేలమీద చెప్పు జారినట్టు, చిన్న చప్పుడు."

ఆయన చెవి రిక్కించారు. మోటారు హోరు తప్ప ఇంకేమీ వినబడలేదు. కొలబద్ద తీసి బ్రేకుకు అంటించిన లైనింగు పట్టీ మందం చూశారు. "నాలుగు మిల్లీమీటర్లుందిరా. మూడు దాకా వాడొచ్చు."

"లైనింగు బానే ఉంది. దాన్ని నొక్కిపట్టే స్ప్రింగే అలిసిపోయింది. ఆపేసి మార్చేద్దాం, రెండు రోజుల పని."

"అలిసిపోయిందని ఏ గడిలో రాయమంటావు?"

"అది నువ్వే చెప్పాలి. చదువుకున్నోడివి" అని నవ్వాడు బోల్టు.

కింద భవనం మేనేజరు ఎదురుచూస్తున్నాడు. "ఈ వారమంతా మీటింగులండీ. ఆపడమంటే కుదిరే పని కాదు. మీ కాగితం ఏమంటోంది?"

ఆపమని అనొచ్చు. ఎందుకని అడిగితే మా బావమరిదికి చప్పుడు వినబడిందని చెప్పాలా? ఆయనకు సిగ్గేసింది. కాగితంలో అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. 'వాడకానికి యోగ్యం' అని రాసి సంతకం పెట్టారు.

బోల్టు ఆ కాగితం వంక కాసేపు చూశాడు. "సరే బావా. నీకు తెలియంది కాదులే."

నాలుగు రోజుల తర్వాత, పొద్దున్నే ఇంకో చోటికి పనికి వెళ్తూ, మనసు ఒప్పక బోల్టు ఆ భవనం దగ్గర ఆగాడు. ఎవరికీ చెప్పకుండా పైకెక్కి, కరెంటు తీసి, స్ప్రింగు చూద్దామని మూత విప్పాడు. అప్పుడే బ్రేకు పట్టు వదిలింది. తాడు అవతలి కొసనున్న బరువు దిమ్మె లాగేసరికి ఖాళీ లిఫ్టు పైకి లేచింది. కదిలిన ఇనుప తాడు అతని కుడిచేతిని చక్రంలోకి లాక్కుంది. బొటనవేలు ఒక్కటే మిగిలింది.

విచారణకు ముగ్గురు కూర్చున్నారు. ఆయన దాచాలనుకోలేదు. అడక్కముందే చెప్పేశారు. "ఆపమని అతను నాకు చెప్పాడు. నేనే వినలేదు."

"రాసిచ్చాడా?"

"నోటితో చెప్పాడు."

"అతని అర్హత?"

"నాకంటే ఎక్కువ."

మధ్యలో కూర్చున్నాయన కలం ఆపి, ఓపిగ్గా అడిగాడు. "చదువు గురించి అడుగుతున్నామండీ."

"పదో తరగతి... తప్పాడు."

ఆ ఒక్కటీ రాసుకున్నారు. స్ప్రింగు విరిగిందన్నది నిజమే గానీ, ఎప్పుడు విరిగిందో తేల్చలేమన్నారు. తనిఖీ నివేదికలో లోపం లేదన్నారు. యోగ్యమని తేలిన లిఫ్టును అనుమతి లేకుండా విప్పడం బోల్టు తప్పని తేల్చి, ఉద్యోగంలోంచి తీసేశారు. మర్నాడు ఆయన రాజీనామా ఇస్తే కంపెనీ మేనేజరు ఆశ్చర్యపోయాడు. "మీ మీద మచ్చేమీ పడలేదు కదండీ!"

ఇంటికొచ్చి చెబితే భార్య ఒక్కటే అడిగింది.

"మీకు వినపడలేదా? వాడి మాట వినలేదా?"

"రెండూ" అన్నారాయన.

ఆ తర్వాత ఆమె ఆయనతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

గాయం మానాక బోల్టు తన ఇంటి వసారాలో బల్ల వేసుకున్నాడు. తెలిసినవాళ్లు పాడైన ఫ్యాన్లు, మిక్సీలు తెచ్చి ఇచ్చారు. ఆయన రోజూ పొద్దున్నే వెళ్లి పక్కన కూర్చునేవారు. బోల్టు చెప్పేవాడు, ఆయన విప్పేవారు.

"అంత బిగపట్టకు బావా. అది తిరగనంటే బలవంతం చేయకు."

ఆయన బలవంతం చేయలేదనే అనుకునేవారు. స్క్రూ తల మాత్రం అరిగిపోయేది. సన్నటి తీగ తెగిపోయేది. మోటారు ఎలా తిరుగుతుందో గంటసేపు చెప్పగలరు. దాన్ని విప్పి, మళ్లీ మూత పెట్టడం మూడు వారాలైనా చేతికి రాలేదు. ఒకరోజు పక్కింటావిడ వచ్చి, "ఏమనుకోకు నాయనా, వేరేచోట ఇచ్చుకుంటాలే" అని విప్పిన మిక్సీని విప్పినట్టే సంచీలో వేసుకుని పోయింది.

ఆమె వెళ్లేదాకా ఆగి, బోల్టు అన్నాడు. "రేపట్నుంచి రావొద్దు బావా."

"ఇంకొన్నాళ్లయితే పట్టుబడుతుందేమోరా."

"పట్టుబడదు. నిన్ను చూస్తే నాకూ కష్టంగా ఉంది."

ఆయన తల దించుకున్నారు. "నన్ను ఒక్కసారి తిట్టరా. గట్టిగా తిట్టు."

బోల్టు తల అడ్డంగా ఊపాడు. "తిట్టడానికి నోరు రాదు బావా. తప్పు నాదీ ఉంది. ఆ రోజు నువ్వు సంతకం పెడుతుంటే, నా చెవే చెడిందేమో అనుకున్నా. ఆరు చదివినోడు బాగుందంటుంటే నేనెంత అనుకున్నా. ఇరవై రెండేళ్లలో నా చెవిని నేను అనుమానించింది ఆ ఒక్కరోజే. ఇంటికెళ్లి పడుకున్నాక కూడా అది వినబడుతూనే ఉంది. అప్పుడైనా నీకు ఫోన్ చేసి పోట్లాడాల్సింది. నామోషీ అనిపించింది."

బోల్టు ఎడమచేత్తో బల్లమీది స్క్రూలను ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తున్నాడు. ఒకటి జారి, దొర్లుకుంటూ ఆయన వైపు వచ్చింది. అందించబోయి ఆయన చెయ్యి చాచారు. ఏదీ ముట్టుకోకు అన్న మొదటిరోజు మాట గుర్తొచ్చి, వెనక్కి తీసుకున్నారు.