చచ్చిపోని లక్ష్ముడు

పొందూరు అవతల ఆ పల్లెలో మద్రాసు నుంచి సినిమావాళ్లు దిగేసరికి ఊరు ఊరంతా సంబరపడింది, ఒక్క దాలమ్మ తప్ప. తీసేది ఆ ఊరి పాత కోట యుద్ధం కథ. అందులో కోట తలుపు కాసే లక్ష్ముడు శత్రువులతో ఒంటరిగా పోరాడి నేలకొరుగుతాడు. ఆ లక్ష్ముడు దాలమ్మ అత్తింటివారికి మూలపురుషుడు. నేలకొరగడం మాట దేవుడెరుగు, ఆయన ఈటె అక్కడే పారేసి, పరుగున ఊళ్లోకొచ్చి, ధాన్యం పాతరలో దూకేశాడు. తవిటమ్మ అనే పిల్ల ఆ పాతరకు మూతేసి, మూత మీద కూర్చుని నూకలు చెరుగుతూ, వెతుక్కుంటూ వచ్చిన సిపాయిలతో "ఇటేపు ఎవులూ రానేదు" అంది. తరవాత లక్ష్ముడు ఆ పిల్లనే పెళ్లాడాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో కొత్త ధాన్యం పాతరలో పోసేటప్పుడు తొలి చేటెడు తవిటమ్మ పేరు చెప్పి పోస్తారు. ఇందులో సిగ్గుపడే సంగతేముందో దాలమ్మకు ఎన్నడూ అర్థం కాలేదు.

సిగ్గంతా ఆమె కొడుకు చినబాబుది. ఆరడుగుల మనిషని లక్ష్ముడి వేషం అతనికే ఇచ్చారు. ఇక చూడాలి, మీసం మెలేస్తూ, మా తాత వీరమరణం పొందాడని టీ కొట్టు దగ్గర ఒకటే కోతలు. దాలమ్మకు ఒళ్లు మండి తిన్నగా డైరెక్టరు దగ్గరికే వెళ్లింది.

"బాబూ, ఆడు సావనేదు. పారిపోనాడు. కతలో అలాగే పెట్టండి."

డైరెక్టరు మంచివాడే, కుర్చీ వేయించాడు. "మీరు చెప్పేదే నిజం కావచ్చు మామ్మా. కానీ పారిపోయేవాణ్ణి చూడ్డానికి జనం వస్తారా? సినిమా అన్నాక కాస్త కల్పన ఉండాలి."

"ఉండనీండి, నానొద్దన్నానేటి? పది గుర్రాలుంటే నూరు సెయ్యండి. కానీ ఆడు పెళ్లి కాకండా సచ్చిపోతే మేమెవులం బాబూ? మా తవిటమ్మ ఏటైపోవాల?"

ఆయన నవ్వాడు గానీ కథ మార్చలేదు. మర్నాడు చినబాబు చక్కగా చచ్చిపోయాడు. ఆ రాత్రి దాలమ్మ వాడి ముందు కంచం విసురుగా పెట్టి వెళ్లిపోయింది.

ఏడాది తిరిగేసరికి ఆ సినిమా పక్క ఊరి డేరా హాలుకొచ్చింది. చూడనని భీష్మించుకున్న దాలమ్మను కోడలు జగ్గమ్మ బతిమాలి తీసుకెళ్లి ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టింది. తెర మీద కోట తలుపులు విరిగాయి. గుర్రాలు దూసుకొచ్చాయి. దాలమ్మ తన కోపం మరిచిపోయింది. అక్కడున్నది లక్ష్ముడు కాదు, తన కడుపున పుట్టిన బిడ్డ. వాడి గుండెకెదురుగా బల్లెం వస్తోంది. ఆమె లేచి నిలబడింది.

"ఒరే సినబాబూ, పాతరలో దూకెయ్‌రా!"

ఆ పాతర సంగతి తెలియనివాళ్లు చుట్టుపక్కల లేరు. హాలంతా గొల్లున నవ్వింది. వెనక నుంచి ఎవరో "దూకెయ్ లక్ష్ముడా" అన్నారు, ఇంకెవరో అందుకున్నారు. తెర మీది లక్ష్ముడు మాత్రం ఎవరి మాటా వినకుండా చచ్చాడు, పాపం. మగవాళ్ల వైపు కూర్చున్న చినబాబు తలపాగా ముఖం మీదికి లాక్కుని ఇంటికెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి ప్రతి ఆటలోనూ ఆ ఘట్టానికి జనం కేకలేయడమే. పొరుగూళ్లవాళ్లు ఎందుకని అడిగి, కథంతా చెప్పించుకుని మరీ వెళ్లేవారు. సినిమా ఎత్తేసే ముందు ఆఖరి ఆటకు దాలమ్మ ఎవరూ పిలవకుండానే బయల్దేరింది. తలుపులు ఇంకా విరగనే లేదు, మగవాళ్ల బెంచీల్లోంచి అందరికంటే ముందు చినబాబు గొంతు లేచింది.

"దూకెయ్ తాతా, తవిటమ్మ సూసుకుంటాది."