వాన వెలిసిన పురుగు

ఆ కొండ ఊళ్ళో మనుషులకి కోపం రాదు, దిగులు రాదు, చిరాకూ రాదు. వచ్చేదల్లా పురుగే. చంటిపిల్లాడు ఊరికే గుక్కపెడితే లోపల ఏడుపు పురుగు చేరిందంటారు. మొగుడు మాటిమాటికీ పక్కూరి దారి కేసి చూస్తుంటే వాడికి పట్టింది తిరుగుడు పురుగు. పొద్దున్నే ఎవరైనా గిన్నెలు ఎత్తి కుదేస్తుంటే, "ఇవాళ పురుగు సరైన చోట కూర్చోలేదు, దగ్గరికెళ్ళకండి" అని తప్పుకుంటారు. చేసిందంతా పురుగు మీదికి తోసేసి మనిషి నిమ్మకు నీరెత్తినట్టు ఉండటం ఎంత సుఖమో వేరే చెప్పాలా! ఒక్క పట్టుపురుగుని మాత్రం వాళ్ళు పురుగనరు. ఇంటికి అన్నం పెట్టేది కనక "బాబుగార్లు" అంటారు.

ఇన్ని రకాలున్న ఊళ్ళో షిమో కడుపులో ఉన్నది ఒకటే, అసూయ పురుగు. అది నలభై ఏళ్ళుగా ఒకే మనిషిని చూసి బలిసింది. ఆ మనిషి తోటికోడలు కానో.

కానో పెద్దకోడలు, వాలు మీద పైయింట్లో ఉంటుంది. షిమో చిన్నకోడలు, కిందింట్లో ఉంటుంది. ఇద్దరి మొగుళ్ళూ పోయారు. పైయింటి మల్బరీ తోటకి ఎండ ముందు తగులుతుంది, పైయింటి ఊరగాయ పులుపెక్కదు, పైయింటి పట్టుగూళ్ళు తెల్లగా దిగుతాయి. ఇవన్నీ షిమో ఎలాగో దిగమింగింది. కుసాకా మాస్టారు వచ్చాకే ఆమెకి ముద్ద దిగడం మానేసింది.

మాస్టారు కింద పట్నంలో బళ్ళో పాఠాలు చెప్పే మనిషి. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చి, పైయింటి అరుగు మీద కూర్చుని, ఈ కొండ మీద పురుగులకున్న పేర్లూ, కడుపులో తిరిగే పురుగుల పేర్లూ రాసుకుంటున్నాడు. వాటిని పుస్తకం వేస్తాడట. ఆయనకో పద్ధతుంది. మాట ముందు ఎవరు చెబితే దాని పక్కన వాళ్ళ పేరు రాస్తాడు, అంతకుముందే విన్నామని ఇంకొకరు తేలిస్తే పేరు వాళ్ళకి మారుస్తాడు. ఇంకొకరు "అవును, నేనూ విన్నాను" అంటేనే మాట నిలుస్తుంది. ఆ రెండో మనిషికి పేరుండదు, చిన్న సున్నా ఉంటుంది.

వేసవి మొదలైనప్పటి నుంచి షిమో సున్నాగానే ఉంది. ఆయన నోరు తెరిచీ తెరవకముందే కానో చెప్పేస్తుంది. షిమో నాలిక చివరున్న మాట కూడా కానో నోట్లోంచే బయటికొస్తుంది. ఆనక మాస్టారు ఇటు తిరిగి, "మీరూ విన్నారా అమ్మా?" అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాదే పుండు మీద కారం. ఆ ఊళ్ళో సమాధి రాళ్ళ మీద ఇంటిపేరే చెక్కుతారు, ఆడవాళ్ళ పేర్లు చెక్కరు. ఒక్క మాట పక్కన, ఒకే ఒక్క మాట పక్కన "షిమో" అని అచ్చులో పడితే చాలని ఆమె కోరిక. వచ్చే వారం నుంచి మాస్టారు రాడు. ఇదే ఆఖరి ఆదివారం.

ఆ పొద్దున షిమో ఇంట్లో బాబుగార్లు మేత మానేశారు. కుబుసం విడిచే నాలుగో నిద్ర లేచింది మొదలు వారం రోజులు తట్టల నిండా వాళ్ళు ఆకు నములుతుంటే ఇంటి కప్పు మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. ఆ చప్పుడులోనే వంట, ఆ చప్పుడులోనే నిద్ర. గూడు కట్టుకునే వేళకి అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. షిమో లేచింది, కూర్చుంది. పెట్టె తెరిచి ఎందుకు తెరిచిందో తెలియక మూసింది. వాకిట్లోకి వెళ్ళి ఉత్తి చేతులతో తిరిగొచ్చింది. ఏడాదికి మూడుసార్లు, నలభై ఏళ్ళ నుంచీ ఆమెకిదే అవస్థ. దీనికి పేరేమిటా అని వెతికితే పేరు దొరకలేదు. దొరక్కపోతే తనే పెట్టింది.

మధ్యాహ్నం అరుగు మీద, కానో టీ పోస్తుండగా, షిమో ఎవరూ అడక్కుండానే అనేసింది.

"మాస్టారూ, వాన వెలిసిన పురుగని ఒకటుంది, రాసుకున్నారా?"

మాస్టారు పెన్సిలెత్తాడు. "అదేం పురుగమ్మా?"

"బాబుగార్లు మేత ఆపేస్తారు చూడండి, ఆ పొద్దున పడుతుంది ఆడదానికి. ఇల్లు మూగబోతుంది. కూర్చోనివ్వదు, నుంచోనివ్వదు. ఏదో మర్చిపోయినట్టుంటుంది, ఏం మర్చిపోయామో తెలీదు. అత్తగారు అంటుండేది."

అత్తగారు పోయి ఇరవై ఆరేళ్ళు. లేచొచ్చి కాదనదులే అని షిమో ధైర్యం.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్ని వారాల్లో ఇంత చక్కటి మాట రాసుకోలేదు నేను. మా అమ్మకీ ఇలాగే ఉండేది, పాపం, మేం విసుక్కునేవాళ్ళం." షిమో పేరు రాశాడు. రాసి, అలవాటుగా అటు తిరిగాడు. "కానో గారూ, మీరూ విన్నారా?"

ఈ సంగతి షిమో ఆలోచించుకోలేదు. కానో టీ కుండ కింద పెట్టి, తోట కేసి చూసింది. లేదంటుంది, పదిమందిలో నవ్వులపాలు చేస్తుంది, చెయ్యక ఊరుకుంటుందా అనుకుంది షిమో.

"విన్నా," అంది కానో. "నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు అత్తగారు నాతోనే అంది. షిమో అప్పటికింకా ఈ ఇంటి గడప తొక్కలేదు."

"ఓహో. అయితే ముందు విన్నది మీరన్నమాట," అని మాస్టారు రబ్బరు తీశాడు. షిమో పేరు చెరిపాడు. కానో పేరు రాసి, పక్కన జాగ్రత్తగా సున్నా చుట్టాడు.

ఆ సున్నా చూసేసరికి షిమోకి కళ్ళు బైర్లు కమ్మాయి. తను పొద్దున కన్న బిడ్డని కళ్ళ ముందే ఎత్తుకుపోతున్నారు, నోరెత్తితే తన అబద్ధం బయటపడుతుంది. నోరు మూసుకుంటే కనీసం మాటైనా పుస్తకంలో బతుకుతుంది. కానీ పైయింటి పేరుతో! అది పైయింట్లో బతకడం కన్నా చావడమే నయమనిపించింది.

"అబద్ధం!" అని అరిచింది. "అత్తగారు అలాంటి మాట చచ్చినా అనలేదు!"

"మీరే కదమ్మా అందన్నారు?"

"నేనే కల్పించా. పొద్దున తట్టల దగ్గర కల్పించా. చాలా? ఇప్పుడు కొట్టెయ్యండి."

మాస్టారు ముఖం చిన్నబోయింది. "కల్పించిన మాట నేను వెయ్యకూడదమ్మా. ఎంత బాగున్నా సరే," అన్నాడు. స్కేలు పెట్టి మాట మీద గీత గీశాడు. తర్వాత ఎటు చూడాలో తెలియక తన కప్పులో తనే టీ పోసుకున్నాడు.

అయిపోయింది. ఉన్న ఒక్క మాటనీ తన చేతులారా తనే చంపుకుంది. షిమో కానో వైపు తిరిగింది. "నేను అబద్ధమాడా, సరే. మరి నువ్వో అక్కా? నలభై మాటలున్నాయి నీకు. ఉన్న ఒక్కటీ లాక్కోకపోతే నీకు పొద్దు గడవదా?"

కానో తల దించుకుంది. ఎత్తేసరికి ముసలి ముఖం కందగడ్డలా ఉంది.

"ఆ నలభైలో నావెన్ని?" అంది. "అమ్మ అన్నవి, అత్త అన్నవి, పక్కింటామె అన్నవి. చిలకలా అప్పజెప్పా. నువ్వా మాట అనగానే ఇక్కడ, కడుపులో, భగ్గుమంది నాకు. బాబుగార్లు ఆగిన పొద్దున నేనూ ఇల్లంతా పిచ్చిదానిలా తిరుగుతా. నాకెందుకు తోచలేదా మాట? దీనికెలా తోచింది? ఓర్చుకోలేకపోయా షిమో. నోటికొచ్చేసింది."

కానో తనని చూసి ఓర్చుకోలేకపోయిందట. పైయింటి కానో! ఆ సంగతి షిమో ఒంట్లో నెమ్మదిగా పాకి, చెవుల దాకా వెళ్ళి వెచ్చగా నిలిచింది.

"ఏమన్నావు?" అంది. "సరిగ్గా వినబడలేదు."

"నీ చెవులకేం రోగం? విన్నావుగా."

"లేదు. మళ్ళీ చెప్పు."

"కుళ్ళుకున్నానే, నిన్ను చూసి కుళ్ళుకున్నా! చాలా?"

"చాల్లేదు," అంది షిమో, అరుగు మీద కాళ్ళు ముడుచుకుని బాగా సర్దుకుని కూర్చుంటూ. "మొదట్నుంచీ చెప్పు."