ఆరు వోల్టుల వెలుగు

ప్రతి సాయంత్రం సరళాదేవి చాయ్ గ్లాసుతో కారు షెడ్డులోకి వెళ్లేది. నల్ల ప్లిమత్ కారు లోపలి చిన్న దీపం వేసేది. ఆ పసుపు వెలుతురులో, స్టీరింగు ముందు, నిరుడు చనిపోయిన ఆమె భర్త బాలకిషన్‌రావు కూర్చొని ఉండేవాడు. మాట్లాడేవాడు కాదు. ఆమె వెనుక సీటులో తన మూలన కూర్చొని చాయ్ తాగి, దీపం ఆర్పి, ఇంట్లోకి వచ్చేది. ఆయన పోయిన నాటి నుంచి ఆమె గేటు దాటలేదు.

మెట్‌పల్లిలో ఆ వీధివారందరికీ ఇది తెలుసు. పాలు పోసే ఐలవ్వ షెడ్డు ముందు ఆగి, "సారూ, దండాలు" అని పోయేది.

ఈ మధ్య దీపం నీరసించింది. ఆ కారుకు కావలసిన ఆరు వోల్టుల బ్యాటరీ ఎక్కడా దొరకలేదు. వెలుతురు తగ్గినకొద్దీ ఆయనా పలచబడ్డాడు. భుజంలోంచి సీటు కుట్లు కనిపించసాగాయి. అందుకే ఆమె వైరింగు పనిచేసే సదానందాన్ని పిలిపించింది.

"పన్నెండు వోల్టులకు మారుస్తనమ్మా. ముందుగాల ఇంజను నడువాలె. దీపాన్ని ఆఖర్ల కలుపుదాం."

"ఆ వెలుగుల సారు కనబడుతడా?"

"గది నాకెరుక లేదమ్మా," అన్నాడతను తల వంచుకొని.

అదే కడసారి చూపేమోనని ఆమె ఆ రోజు పాత బ్యాటరీ మీద వెలుగుతున్న దీపాన్ని ఆర్పనివ్వలేదు. సదానందం కొత్త బ్యాటరీ బిగించి, ఇంజనుకు నిప్పురవ్వనిచ్చే కాయిల్ మార్చాడు. ఎక్కువైన కరెంటును తగ్గించడానికి దాని ముందు రెసిస్టరు పెట్టాడు. స్టార్టు చేసే క్షణంలో పూర్తి కరెంటు అందేలా స్టార్టరు నుంచి వేరే తీగ లాగాడు.

"జర గా కాలు జరుపుండ్రి సారూ," అని సదానందం అంటే రావు కాలు జరిపాడు.

"పానంతోని ఉన్నప్పుడు ఎవరి మాటన్న ఇన్నడా?" అంది ఐలవ్వ గుమ్మంలోంచి. సరళాదేవి పెదవుల మీద నవ్వు వంటిదేదో కదిలి ఆగింది.

చాబీ తిప్పి పట్టుకుంటే ఇంజను అందుకుంది. వదిలితే ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా అంతే. తన పనిలోనే తప్పుందనుకొని సదానందం కొత్త తీగలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ఫలితం లేదు. చివరకు టెస్టరు పట్టుకొని పాత తీగ వెంట వెళ్లాడు. చాబీ దగ్గర టెస్టరు వెలిగింది. రెసిస్టరు దగ్గర వెలగలేదు. ఆ రెండింటి నడుమ తీగ డ్రైవరు సీటు కిందికి దూరింది.

"చాబీ వదిలినంక కరెంటు ఈ పాత తీగలకెల్లే రావాలె. అది సీటు కిందనే ఆగుతున్నదమ్మా. సారు లేవాలె. నేను చెప్తె కాలు జరుపుతుండు గని లేస్తలేడు."

పెళ్లయిన కొత్తలో రావు ఆమెకు కోరుట్ల రోడ్డు మీద కారు నేర్పాడు. ఒకనాడు బర్రె అడ్డం రాగా ఆమె బెదిరి బ్రేకు తొక్కింది. ఆయన నవ్వుతూ స్టీరింగు అందుకున్నాడు. మళ్లీ ఎన్నడూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు.

ఆమె ముందు తలుపు తీసింది. "ఇగో, జర లేవుండ్రి. ఇగ నేను చూసుకుంట."

రావు ఆమెను చాలాసేపు చూశాడు. లేచి, వెలుతురు అంచు దాటి వెళ్లాడు. దీపం కొడిగట్టి ఆరిపోయింది.

సీటు కింద, ఆ తీగ నడుమ, చిన్న స్విచ్చి ఉంది.

"దొంగల భయానికి పెట్టుకున్నడమ్మా. దిగినప్పుడల్లా బంద్ చేసేటోడు కావచ్చు. ఆఖరిసారి గూడ చేసిండు."

"నాకు గూడ చెప్పలే," అందామె.

సదానందం స్విచ్చి వేశాడు. ఇంజను నిలకడగా నడిచింది. దాన్ని ఆపి, కొత్త బల్బు పెట్టి, దీపాన్ని కొత్త బ్యాటరీకి కలిపాడు. తెల్లని వెలుగులో స్టీరింగు ముందు ఎవరూ లేరు. ఐలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సరళాదేవి చాయ్ గ్లాసుతో, అలవాటుగా వెనుక తలుపు మీద చేయి వేసి, ఆగింది. ముందు ఎడమ సీటులో, చొక్కా మడతలతో సహా స్పష్టంగా, రావు కూర్చొని ఉన్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, బండి ఎప్పుడు కదులుతుందా అని రోడ్డు వైపు చూస్తున్నాడు.

ఆమె చాయ్ గ్లాసును గోడ మీద పెట్టింది.

"సదానందం, గేటు తియ్యి."

స్టీరింగు ముందు కూర్చొని చాబీ తిప్పింది. తరువాత, మెల్లగా, వదిలింది. ఇంజను ఆగలేదు.