కనకాంగి పక్షిశాస్త్రాభ్యాసము

ఈశాన్యపు వానలు మొగము చాటుచేసిన యా సంవత్సరమున మాఘమాసారంభముననే పులికాటు సరస్సునకు పడమటనున్న చెఱువు అడుగంటి మిగిలిన కొలది జలము కరగిన సీసమువలె మందకాంతి నీనుచుండ, మొదళ్లు నీట మునిగియుండవలసిన కడప చెట్లు నెఱ్ఱెలువాఱిన బురదపై వేళ్లు బయటపడి నిలిచియుండ, వాని కొమ్మలయందలి గూళ్లలో ధూసరపక్షములును లంబమానగళకోశములునుగల గూడబాతులు బిడ్డల యాకలికేకల నడుమ ప్రాతఃకాలమును గడపుచుండెను.

ఆ చెట్ల కెదురుగా తడికల చాటున దుర్భిణి చేతబట్టి కూర్చున్న యువతి పేరు కనకాంగి. పక్షిశాస్త్రము నభ్యసింపగోరి కేశవాచార్యుల యొద్ద శిష్యురాలిగా చేరినది. ఆయన యామెకు మొదట నేర్పిన విద్య కదలకుండుట. ఏ పక్షి యే గూటికి మరలివచ్చెనో, ఏ పిల్ల ముందుగా నోరు తెఱచెనో చూచినది చూచినట్లు చెప్పుట పిదప నేర్పెను. ఊహను చూపుతో కలుపరాదనియు, గూళ్ల దరికి పోరాదనియు ఆయన నియమము.

అన్నిటికంటె దాపుననున్న గూటికి తల్లియు తండ్రియు వచ్చుట మానెను. అందలి పిల్ల కేక గడియగడియకు సన్నగిలుచుండెను. విషజ్వరమున తన చెల్లెలి గొంతుకయు నిట్లే సన్నగిలి యాగిపోవుట వినియున్న కనకాంగికి ఆ ధ్వని దుస్సహమయ్యెను.

"ఆచార్యా, ఒక్క చేప నిచ్చి వత్తును."

"వలదమ్మా. నీవు చెట్టెక్కినచో తక్కిన పక్షులు బెదరి లేచిపోవును. ఈ కఱవున నేవి బ్రదుకునో తెలిసికొన వచ్చితిమి గాని బ్రదుకవలసినదాని నెంచుటకు రాలేదు."

మధ్యాహ్నమున ఆచార్యులు భోజనమునకు ఊరిలోనికి పోయినంతనే ఆమె మడుగులో చేప నొకదానిని పట్టి కొమ్మలు పట్టుకొని యెగబ్రాకి పిల్ల నోటనుంచెను. మ్రింగుటకు సత్తువ లేక అది చేపను జాఱవిడిచెను. అంతలో తోపంతయు దద్దరిల్లునట్లు పెద్దపక్షులన్నియు నొక్కుమ్మడి లేచిపోయెను. పొంచియున్న కాకులు ప్రక్కగూళ్లలోని ఱెక్కలురాని కూనలపై వ్రాలెను. ఆమె పైటకొంగు విసరుచు కేకలు వేసినను కాకులు బెదరలేదు. తల్లులు మాత్రము మఱింత దూరము పోయెను. ఆమె దిగి యవతలకు పరుగెత్తుసరికి గూళ్లు పెక్కు శూన్యములయ్యెను. ప్రొద్దు వాలకమున్నే ఆకలిగొన్న యా పిల్లయు మెడ వ్రేలవైచి మరణించెను.

ఆచార్యులు మరలివచ్చి చెట్లవంకయు బురదతో నిండిన యామె చేతులవంకయు చూచెను.

"ఈ కూనల మరణమునకు కారణమేమని చెప్పుదును?" అని యామె తలవంచుకొని యడిగెను.

"నీ పేరు చెప్పుము."

ఆ మాటలో కోపము లేదు. ఆయన కూజా వంచి ఆమె చేతులు కడుగుకొనువఱకు నీరు పోసెను.

మఱునాటి యుదయమున కనకాంగి తడికల చాటునకు తిరిగి వచ్చెను. ఒక గూడబాతు ఎంతదూరమునుండియో చేపలతో బరువెక్కిన గళకోశముతో వచ్చి తన గూటియంచున వ్రాలి, కూనలు లేని యా గూటిపై చంచువు వంచి నోరు విప్పెను. ఏదియు నందుకొనలేదు. అది నోరు మూయక చాలసేపట్లే వంగియుండెను. కన్నీరు చెక్కిళ్లపై జాఱుచున్నను తుడుచుకొనుటకు సయితము చేయి యెత్తక, ఆ పక్షి తనంతట తాను లేచిపోవువఱకు కనకాంగి కదలలేదు.